మా పచ్చికలో మొలిచినదంతా గడ్డి కాదు

హనుమకొండలో మా ఇంటి ముందున్న అర గుంట జాగాలో, అంటే దాదాపు 60 గజాలలో, పోయిన ఏడాది మృగశిర కార్తెలో మెక్సికన్ గడ్డి పరిపించాను. పేరుకు మెక్సికన్ అంటారే గాని, అది తూర్పు ఆసియా నుండి వచ్చిన జాయ్సియా జాతి గడ్డి. మాది చల్క నేల కావడంతో తడి నిలవదని, అంతకు ముందే ఎండాకాలంలో రెండు ట్రాక్టర్ల చెరువు మట్టి పోయించాను. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైన తర్వాత పూడిక మట్టి కోసం మా వైపు రైతులు పోటీపడడం చూసినవాడిని కనుక ఆ మట్టి బలం మీద నాకు నమ్మకం ఉండేది. దానితో పాటు ఏయే విత్తనాలు, ఏయే గడ్డలు వస్తాయో మాత్రం ఆలోచించలేదు.

శ్రావణమాసం నాటికి పచ్చికలో నేను వేయనివి ఐదారు రకాలు కనిపించాయి. వాటిలో ఒకటి నిగనిగలాడే ముదురాకుపచ్చ రంగుతో, కోసిన రెండు మూడు రోజులకే తక్కిన గడ్డిని దాటి నిక్కి నిలబడేది. గడ్డి అమ్మిన నర్సరీ అతనికి ఫొటో పంపితే, అది కూడా మెక్సికన్‌లోనే ఒక రకమని చెప్పి ఊరుకున్నాడు. నేను నమ్మాను. కలుపు తీయడానికి వచ్చిన అవ్వ మాత్రం పూసిన కాడ ఒకదాన్ని తెంపి, నా వేళ్ల మధ్య పెట్టి తిప్పమన్నది. కాడ గుండ్రంగా దొర్లలేదు; మూడు అంచులు వేళ్లకు తగిలాయి. "గిది గడ్డి గాదు బిడ్డా, తుంగ. గడ్డ తియ్యకుంటే పోదు" అన్నది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. గడ్డిజాతి కాడకు కణుపులుంటాయి, ఆకులు కాడకు రెండు వైపులా వస్తాయి. తుంగ కాడకు కణుపులుండవు, ఆకులు మూడు వైపులకు విచ్చుకుంటాయి. గడ్డపారతో జానెడు లోతు పెళ్లగించి చూస్తే, సన్నని దారం వంటి వేరుకు నల్లని గడ్డలు పూసల్లా గుచ్చినట్టు ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గిల్లగానే సున్నిపిండి వాసన వచ్చింది, ఎందుకంటే అందులో కలిపే తుంగముస్తలు ఇవే. పైనుండి పీకితే ఆ దారం తెగి గడ్డలు మట్టిలోనే మిగిలిపోతాయి, వాటి నుండి మళ్లీ మొలకలు వస్తాయి. నెల రోజులుగా నేను చేసిన పని అదే.

ఆ తర్వాత ఒక మూలను మూడు వారాల పాటు కోయకుండా వదిలేశాను. ఎప్పటికప్పుడు కత్తిరించే పచ్చికలో అన్ని గడ్డులూ ఒకే తీరుగా కనిపిస్తాయి; కంకి వేస్తే గాని వాటి గుట్టు బయటపడదు. గరిక కంకి నాలుగైదు సన్నని వేళ్లుగా ఒకే బిందువు నుండి విచ్చుకుంది. దాని పక్కనే వేళ్ల కంకి వేసిన మరో గడ్డి మాత్రం కాడ మొదలు దగ్గర చదునుగా, తెల్లగా, అదిమినట్టు ఉంది. అది మన తైదలకు, అంటే రాగులకు, దగ్గరి చుట్టమైన ఇల్యుసిన్ ఇండికా. మూడోదానికీ వేళ్లే ఉన్నాయి, కాని ప్రతి వేలి చివరా గింజలు లేని చిన్న ముల్లు పొడుచుకొని వచ్చింది. దాని పేరు డాక్టిలోక్టీనియం ఈజిప్టియం. ఈ మూడింటినీ లేతగా ఉన్నప్పుడు నేను ఒకటే అనుకున్నాను.

పచ్చికలో మొలిచిన మరో కలుపు గడ్డి ఊద. దాన్ని గుర్తించడానికి కంకి దాకా ఆగనక్కరలేదు. ఆకు కాడను వదిలి పక్కకు వంగే చోట ఆకును మెల్లగా వెనక్కి లాగి చూడాలి. వరిలో అక్కడ తెల్లని పొడవాటి పొర నాలుకలా నిలబడి ఉంటుంది, గరికలో పొట్టి వెంట్రుకల వరుస ఉంటుంది, ఊదలో ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. నారుమడిలో వరి మధ్య ఊదను ఏరే కూలీలకు ఇది కొత్త సంగతి కాదు. నాకు మాత్రం భూతద్దం కావలసి వచ్చింది.

పేర్లు తెలిసిన తర్వాత పని తేలికైంది. ఊద, తైద చుట్టం, ముల్లు వేళ్లది ఏడాదిలో ముగిసిపోయే మొక్కలే కనుక, గింజ రాలకముందే వేర్లతో పీకించాను. తుంగ విషయంలో తొందర పనికిరాదు. మొలిచినప్పుడల్లా తవ్వి గడ్డ తీయడమే మేలు, ఇప్పటికీ అదే చేస్తున్నాను. అన్ని గడ్డులనూ చంపే మందు కొట్టమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు గాని, దానికి మెక్సికన్ కూడా మాడిపోతుంది కనుక ఆ జోలికి పోలేదు.

గరికను పూర్తిగా తీసేయడానికి మనసొప్పలేదు. వినాయక చవితి పత్రిలో కావలసినదాన్ని కలుపు అని పారేసి, పండుగ నాడు బజారులో కట్టలు కొనడం నాకు ఎబ్బెట్టుగా తోచింది. గోడ వెంట రెండడుగుల పట్టీలో దాన్ని వదిలేసి, మెక్సికన్‌కూ దానికీ నడుమ ఇటుకలు నిలువుగా పాతించాను. వాటి కిందుగా దూరి అవతల తేలడానికి గరికకు రెండు నెలలు పట్టింది.