తొమ్మిదో ప్రశ్న

పదకొండు దాటింది. చిన్నది పడుకుంది, పెద్దోడి గదిలో ఇంకా లైటు వెలుగుతోంది. నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చదువుతున్నాను, నర్సులు రోగుల్ని చూసి మందులు రాయడానికి చేసే చదువు. అసైన్‌మెంట్ తెరిచి గంటైంది, ఒక్క లైనూ కదల్లేదు. పొద్దున ట్రైనింగ్ క్లినిక్‌లో జరిగిందే బుర్రలో తిరుగుతోంది.

వచ్చిన పేషెంటుకు స్పానిష్ తప్ప ఇంకేదీ రాదు. పక్కన కొడుకు, మా పెద్దోడి ఈడే. మాటలు తర్జుమా చేసే ఇంటర్‌ప్రెటర్ ఫోన్ ఎంతకీ కలవలేదు. బయట ఇంకా ఆరుగురున్నారు. "నేను చెప్తాను" అన్నాడు ఆ బాబు. సరే అన్నాను. బీపీ, షుగర్ దాకా బాగానే నడిచింది. తర్వాత డిప్రెషన్ ఫారం, పీహెచ్‌క్యూ-9. నిద్ర, ఆకలి, నీరసం, ఇలా ఎనిమిది ప్రశ్నలూ వాడే ఓపిగ్గా అడిగాడు. తొమ్మిదోది, ఈ రెండు వారాల్లో చచ్చిపోతే బాగుండునని అనిపించిందా అని. వాడి నోటితో వాళ్ళమ్మని ఆ మాట అడిగించలేకపోయాను. అడక్కుండానే సున్నా పెట్టేశాను, అంటే అలాంటిదేమీ లేదని.

ఎమర్జెన్సీలో తప్ప పిల్లల చేత ఇలా చెప్పించకూడదని 2016 నుంచి అమెరికా ఫెడరల్ నిబంధనల్లోనే ఉంది. పోయిన సెమిస్టర్‌లో దాని మీదే పేపర్ రాశాను. అయినా నోరు పెగల్లేదు, క్లినిక్‌లో నాకు పని నేర్పే ప్రిసెప్టర్‌కి కోపం వస్తుందేమోనని. ఈవిడ దొరకడానికి నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఫీజు కాలేజీ తీసుకుంటుంది, పని నేర్పే మనిషిని మాత్రం మనమే వెతుక్కోవాలి! మెయిళ్ళు పెట్టీ పెట్టీ విసిగిపోయాను. డబ్బు కడితే చూపిస్తామనే ఏజెన్సీలు వేరే. క్లినిక్‌లో 750 గంటల ట్రైనింగ్ పూర్తికాకపోతే డిగ్రీ లేదు. చదువయ్యాక కూడా మా టెక్సస్‌లో డాక్టర్‌తో ఒప్పందం లేనిదే మందు రాయడానికి వీల్లేదు, పక్కనున్న న్యూ మెక్సికోలో ఆ గొడవ లేదు. డాక్టర్లు లేని ఊళ్ళలో పనిచేస్తామని వచ్చేవాళ్ళని, ముందు ఒక డాక్టర్‌ని వెతుక్కుని రమ్మంటే ఎలా?

చిన్నప్పుడు మా ఊరొచ్చే నర్సమ్మ గుర్తొస్తోంది. టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని, బస్సు దిగి కాలవ గట్టు మీద నడిచొచ్చేది. మంచినీళ్ళు తాగి, "బాబాయ్, మీరు కాసేపు అరుగు మీద కూర్చోండి" అనేది నాన్నతో. నానమ్మని ఏదో పని చెప్పి పెరట్లోకి పంపేది. నన్ను "పోయి చెల్లిని ఆడించుపో" అనేది. అప్పుడు తలుపు దగ్గరగా వేసేది. లోపల అమ్మ ఏం చెప్పుకునేదో నాకు ఇప్పటికీ తెలీదు. ఒకసారి ఏడుపు వినిపించింది. కాసేపటికి అమ్మ మొహం కడుక్కుని వచ్చి, ఆవిడకి ములక్కాడలు కట్టి ఇచ్చింది. ఆవిడ దగ్గర ఫారాలూ స్కోర్లూ ఏమీ లేవు. ముందు తలుపు వేయాలని మాత్రం తెలుసు.

ఇందాకటి నుంచి ఫోన్‌నీ, కాలేజీనీ, ప్రిసెప్టర్‌నీ అంటూ వచ్చాను. అవన్నీ నిజమే. కానీ బాబుని బయట కూర్చోబెట్టి ఇంకోసారి ఫోన్ కలపకుండా నన్నెవరూ ఆపలేదు కదా.



రేపు పొద్దున్నే ప్రిసెప్టర్‌కి చెప్దామనుకున్నాను. కానీ ఎనిమిది ప్రశ్నలకే ఆ పేషెంటు స్కోరు 12, తక్కువేం కాదు. తెల్లారేదాకా ఎలా ఆగను? తొమ్మిదో ప్రశ్న అడగలేదని, ఆ సున్నా నేనే వేశానని, ఆమెకు ఈ రాత్రే ఇంటర్‌ప్రెటర్‌తో ఫోన్ చేయించాలని ప్రిసెప్టర్‌కి మెసేజ్ పెట్టాను. పది నిమిషాలైంది, ఇంకా చూడలేదు. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళ ఆన్‌కాల్ నంబర్‌కి చేస్తున్నాను.