సైలెన్సర్ ఎర్రబడ్డ రాత్రి

పరకాల దగ్గర మా పొలంలో మొన్న ట్రాక్టర్‌కు కేజ్‌వీల్స్ (బురదలో దిగబడకుండా వేసే ఇనుప చక్రాలు) వేసి దున్నుతుంటే, చీకటి పడే వేళకు సైలెన్సర్ మొదలు కాల్చిన కడ్డీలా ఎర్రబడింది. టెంపరేచర్ ముల్లు మాత్రం పచ్చలోనే ఉంది. ఇంజన్ హెడ్ పోయిందేమోనని నాకు ఒకటే టెన్షన్. బాపు బానెట్ కూడా ఎత్తలేదు, పొగ చూశాడంతే. "నల్లగ వస్తాంది రా, దానికి గాలి అందుతలేదు."

ఇంజన్‌కు పోయే గాలిలో దుమ్మును ఆయిల్‌తో పట్టే ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పితే ఆయిల్ బదులు జావలాంటి బురద, పైన తేలుతూ వడ్ల పొట్టు! డీజిల్‌తో కడిగి, గీత దాకా కొత్త ఆయిల్ పోశాం. నల్లపొగ పోయింది, ఎరుపు సగమే తగ్గింది.

పొద్దున మెకానిక్ చూస్తే, ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే పంపు టైమింగ్ లేటు. డీజిల్ ఆలస్యంగా అంటుకుంటే, పొగ బయటికి పోయే వాల్వు తెరిచాక కూడా మంట ఆరక వేడంతా పైపులోకే పోతుంది. పోయిన నెల ఆ పంపును టైమింగ్ గుర్తులు కలపకుండా బిగించింది నేనే. బాపుకు ఇంకా చెప్పలేదు.