కొర్లగుంట టవర్‌కు తెలియని నంబర్

2021 నవంబర్ 18, గురువారం. మరుసటి రోజు కార్తీక పౌర్ణమి. వర్జీనియాలో పొద్దున ఎనిమిదిన్నర అయింది. డ్యూటీకి వచ్చి, ఆసుపత్రి పార్కింగ్‌లో కారు ఆపి, దిగకుండా తిరుపతికి ఫోన్ చేస్తూ కూర్చున్నాను. అక్కడ సాయంత్రం ఏడు. ఫోన్లో తిరుగుతున్న వీడియోల్లో కపిలతీర్థం జలపాతం ఎర్రమట్టి నీళ్లతో దూకుతోంది. తిరుమల నడకదారి మెట్ల మీద నీళ్లు ఏరులా దిగుతున్నాయి. ఘాట్ రోడ్లు మూసేశారు. కొర్లగుంటలో మా వీధి ఎలా ఉందో మాత్రం ఏ వీడియోలోనూ కనబడలేదు.

నాయనకు పదకొండు సార్లు చేశాను. అమ్మకు తొమ్మిది సార్లు. అక్కకు ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. ఒకసారి లైన్లన్నీ బిజీ అని వినబడింది, ఒకసారి ఏ చప్పుడూ లేకుండా కట్ అయింది. మళ్లీ నొక్కాను. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు మెసేజ్ పెట్టాడు: "అన్నా, నేనూ చేస్తానే ఉండా, పోవడం లేదు." ఎస్వీ యూనివర్సిటీలో మాతో చదివినవాళ్ల గ్రూపులోనూ అదే మాట. న్యూజెర్సీ, లండన్, కువైట్, సిడ్నీ, ఎక్కడున్నవాళ్లు అక్కడి నుంచే తిరుపతికి ఫోన్లు చేస్తున్నారు.

అప్పుడు చెయ్యి ఆగింది. నా ఉద్యోగమే ఇది. పదకొండేళ్లుగా ఈ పరిస్థితి గురించే నలుగురికీ చెబుతూ వచ్చాను. ఒక ఊరి మీద ఏదైనా ఆపద పడగానే ఆ ఊళ్లో ఉన్నవాళ్లంతా ఒకేసారి ఫోన్ తీస్తారు. వాళ్ల గురించి బెంగపడే బయటివాళ్లంతా అదే నిమిషంలో ఆ ఊరికి చేస్తారు. టవర్లు మాత్రం అవే. ఒక్కో టవర్ ఒక సమయంలో మోయగల కాల్స్‌కు ఒక హద్దు ఉంటుంది. ఫోన్ మీద సిగ్నల్ గీతలు నిండుగానే కనబడతాయి కానీ కాల్ పోదు. కనెక్ట్ కాని ప్రతి ప్రయత్నం కూడా టవర్‌ను ఒకసారి తలుపు తట్టి అడగడమే, అందుకే మళ్లీ మళ్లీ నొక్కేకొద్దీ రద్దీ పెరుగుతుంది. నా పదకొండో కాల్ కొర్లగుంట టవర్ తలుపు తడుతున్నప్పుడు, అదే తలుపు దగ్గర ఒక 108 పైలట్ నిలబడి ఉండొచ్చు. మా వైపు అంబులెన్స్ డ్రైవర్‌ను పైలట్ అనే అంటారు. ఏ వీధిలో నీళ్లు తక్కువున్నాయో, బండి ఎటు తిప్పుకోవాలో అతను ఎవరినో అడగాలి. అతని కాల్‌కూ నా కాల్‌కూ ఆ టవర్‌కు తేడా తెలియదు.

నేను పనిచేసేది రిచ్‌మండ్ దగ్గర ఒక ఆసుపత్రి టెలికమ్యూనికేషన్స్ విభాగంలో. పేజర్లు, నర్సుల చేతి ఫోన్లు, ఆపరేటర్ల బోర్డు, అంబులెన్సులతో మాట్లాడే రేడియో అన్నీ మా చేతి కిందే. ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడు, 2011 ఆగస్టు 23న, మధ్యాహ్నం రెండు కావడానికి ఇంకా కొన్ని నిమిషాలుండగా, కాళ్ల కింద నేల కదిలింది. మినరల్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టిన భూకంపం, తీవ్రత 5.8. వాషింగ్టన్ మాన్యుమెంట్‌కు పగుళ్లు వచ్చాయి, న్యూయార్క్ దాకా భవనాలు ఊగాయి. అలాంటిది ఎన్నడూ ఎరగని జనం ఒక్కసారిగా రోడ్ల మీదికి వచ్చి ఫోన్లు తీశారు. తూర్పు తీరం పొడుగునా సెల్ నెట్‌వర్కులు కిక్కిరిసిపోయాయి. కాల్స్ తగ్గించండి, మెసేజ్ పెట్టండి అని అమెరికా విపత్తుల సంస్థ ఫెమా వాళ్లు జనాన్ని అడగాల్సి వచ్చింది.

మా కారిడార్‌లో ఆ రోజు చూసింది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆపరేషన్ థియేటర్ల పైఅంతస్తులో పైపు పగిలిందని కబురు వచ్చింది. భవనం నిలబడుతుందా లేదా చూడటానికి ఇంజినీర్ రావాలి, ఆయన ఊరి అవతల ఉన్నాడు. నా చేతిలో ఫోన్ పనిచెయ్యడం లేదు, పక్కన నర్సుది కూడా. మా సీనియర్, తెల్లజుట్టు పెద్దావిడ, తన ఫోన్లో ముందు స్టార్ నొక్కింది, తర్వాత 272, తర్వాత ఇంజినీర్ నంబర్. చెవి దగ్గర పెట్టుకుని కాసేపు కదలకుండా నిలబడింది. ఆ తర్వాత ఆయన పేరు పెట్టి పలకరించింది. అంతే.

రద్దీలో కూడా అత్యవసర పనిలో ఉన్నవాళ్ల కాల్‌కు ముందు దారి ఇచ్చే ఆ స్టార్ 272ని వైర్‌లెస్ ప్రయారిటీ సర్వీస్ అంటారు, మా నోట్లో డబ్ల్యూపీఎస్. ల్యాండ్‌లైన్లకు గెట్స్ అని ఇంకోటి ఉంది. దానికి జేబులో పెట్టుకునే కార్డు, రహస్య నంబర్ ఇస్తారు. ఇప్పుడు రెండింటినీ సిసా అనే ప్రభుత్వ సంస్థ నడుపుతోంది. సెల్‌ఫోన్లలో ఇలా ముందు దారి ఇవ్వడానికి అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అనుమతి 2000లోనే వచ్చింది. 2001 సెప్టెంబర్ 11 నాటికి మాత్రం అది ఎవరి ఫోన్లోకీ రాలేదు. ఆ రోజు న్యూయార్క్‌లో, వాషింగ్టన్‌లో సెల్‌ఫోన్లు కలవక ఎంత అల్లాడారో లోకమంతా చూసింది. మరుసటి ఏడు, 2002లో, మొదట ఆ రెండు నగరాల్లోనే సేవ మొదలైంది. కాగితం మీది అనుమతి ఫోన్లోకి రావడానికి అంత ప్రాణనష్టం జరగాల్సి వచ్చిందన్న బాధ ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరిలోనూ ఉంది.

ఇందులో ఐదు మెట్లున్నాయి. దేశాన్ని నడిపేవాళ్లు మొదటి మెట్టు. విపత్తులో ఆదేశాలిచ్చేవాళ్లు, సైన్యం రెండోది. వైద్యం, పోలీసు, అగ్నిమాపకం మూడోది. కరెంటు, నీళ్లు, ఫోన్లు లాంటి సేవలు నాలుగోది. తర్వాత బాగుచేతలు చూసేవాళ్లు ఐదోది. మా ఆసుపత్రివాళ్లు మూడో మెట్టు మీద ఉంటారు.

నాకు ఎక్కువ పని పెట్టేది ఆ మెట్లు కాదు, జాబితా. ఈ సౌకర్యం ఫోన్ నంబర్‌కు కడతారు. మనిషి నంబర్ మార్చినా, కంపెనీ మారినా మళ్లీ నమోదు చెయ్యాలి. ఒకసారి డ్రిల్‌లో ఒక సర్జన్ స్టార్ 272 కొట్టి చూస్తే కలవలేదు. ఆరు నెలల కింద ఆయన వేరే కంపెనీకి మారాడు, మాకు చెప్పలేదు. అప్పట్నుంచి నెల మొదటి వారంలో జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరి చేతా ఒక టెస్ట్ కాల్ చేయిస్తాను. విసుక్కుంటారు. అయినా చేయిస్తాను. జాబితాలో డాక్టర్ల కంటే ముందు నేను అడిగి చేర్పించిన పేరు జనరేటర్‌కు డీజిల్ తెప్పించే అతనిది. కరెంటు పోయిన రాత్రి ఆయన కాల్ కలవకపోతే ఐసీయూలో ఎంత గొప్ప డాక్టరున్నా ఏం చెయ్యగలడు?

2005 జూలై 7న లండన్‌లో బాంబులు పేలినప్పుడు ఆల్డ్‌గేట్ చుట్టుపక్కల ఒక కంపెనీ నెట్‌వర్క్‌ను కొన్ని గంటల పాటు మామూలు జనానికి ఆపి, గుర్తింపు ఉన్న ఫోన్లకే వదిలారు. సహాయానికి వచ్చినవాళ్లలోనే కొందరి దగ్గర ఆ గుర్తింపు ఉన్న ఫోన్లు లేవు. జాబితాలో పేరు లేకపోతే, తెరిచిన దారి కూడా మూసిన దారే అవుతుంది.

2022లో బ్రహ్మోత్సవాలకు ఇంటికి వెళ్లాను. కరోనా వల్ల అంతకు ముందు రెండేళ్లూ ఉత్సవాలు ఏకాంతంగా జరిగాయి. ఆ ఏడు అక్టోబర్ 1న గరుడ సేవ. నాయన, నేను మధ్యాహ్నానికే మాడ వీధి గ్యాలరీలో చోటు చూసుకుని కూర్చున్నాం. సాయంత్రమయ్యేసరికి ఎటు చూసినా తలలే. నా ఫోన్ మీద గీతలన్నీ ఉన్నాయి, అమ్మకు ఒక్క కాల్ పోవడం లేదు. మాకు నాలుగు వరసల కింద ఒక ముసలామె సొమ్మసిల్లింది. సేవకులు నీళ్లు చల్లారు, అక్కడున్న కానిస్టేబుల్ సెట్‌లో చెప్పాడు, తర్వాత తన సొంత ఫోన్ తీసి ఎవరికో చేశాడు. కలవలేదు. మళ్లీ చేశాడు. మూడోసారి ఫోన్ జేబులో పెట్టి, ఒక కుర్ర సేవకుణ్ణి భుజం తట్టి పరిగెత్తించాడు. ఆ అబ్బాయి జనంలో పడి ఈదుకుంటూ పోయాడు. కాసేపటికి స్ట్రెచర్ వచ్చింది, ఆమె కళ్లు తెరిచింది. గోవిందా గోవిందా అని చుట్టూ ఉన్నవాళ్లంతా అన్నారు. నేను మాత్రం ఆ కానిస్టేబుల్ జేబు వైపే చూస్తూ కూర్చున్నాను.

రాత్రి దిగేటప్పుడు బస్సులో నాయనకు నా పని గురించి మొదటిసారి వివరంగా చెప్పాను. ఆయన ముప్పై ఏళ్లు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు తోలాడు. స్టార్ 272 అనగానే మొహం అదోలా పెట్టాడు.

"అంటే ఏంది రా, ఫోన్లో కూడా వీఐపీ బ్రేకా?"

"కాదు నాయనా. పెద్దోళ్లకు కాదు. ఆ పొద్దు ఆ పనిలో ఉండేవాళ్లకు."

"మరి ముందుగా మాట్లాడతా ఉండేవాళ్ల ఫోన్ కట్ చేస్తారా?"

"చెయ్యరు. వాళ్లు మాట్లాడుకుని పెట్టేసినాక, ఖాళీ అయ్యే లైను ముందు వీళ్లకిస్తారు."

ఆయన రెండు వంపులు దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఎక్కినోళ్లను దించరు. ఎవురన్నా దిగితే ఆ సీటు బిడ్డతల్లికి. అంతేనా?"

పన్నెండేళ్లుగా స్లైడ్లు పెట్టి నేను చెబుతున్నది ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

"ఎవురూ దిగకపోతే?" అని అడిగాడు వెంటనే. అది కూడా సరైన ప్రశ్నే. దాని కోసమే అమెరికాలో 2012లో చట్టం చేసి ఫస్ట్‌నెట్ అనే దేశవ్యాప్త నెట్‌వర్క్ పెట్టారు. పోలీసు, ఫైర్, అంబులెన్స్ సిబ్బందికి 700 మెగాహెర్ట్జ్‌లో బ్యాండ్ 14 అనే సొంత తరంగాలు కేటాయించారు. వాళ్లు వాడనప్పుడు మామూలు జనం వాడుకోవచ్చు, వాళ్లకు అవసరమైతే మిగతావాళ్లను పక్కకు జరుపుతారు. అయితే అక్కడి అత్యవసర నంబర్ 911కు చేసిన కాల్‌ను మాత్రం ఎవరి కోసమూ దించరు. అది విని నాయన తల ఊపాడు. "అది న్యాయం," అన్నాడు.

మన దేశంలో ఈ ఆలోచన లేదని కాదు. విపత్తుల కోసం, రక్షణ సిబ్బంది కోసం ప్రత్యేక నెట్‌వర్క్ ఉండాలని మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లోనే సిఫారసు చేసింది. తుపాను వస్తే ఒక కంపెనీ టవర్ పడిపోయినా ఇంకో కంపెనీ టవర్ నుంచి మాట్లాడుకునే ఏర్పాటు చేస్తున్నారు, అది మంచి పని. నాకు కావాల్సింది ఇంకో అడుగు. గరుడ సేవ రాత్రి, వైకుంఠ ఏకాదశి పొద్దు, కుండపోత వాన కురిసిన కార్తీకం సాయంత్రం, ఫలానా నంబర్ల నుంచి కాల్ వస్తే ముందు దారి ఇవ్వాలని మా ఊరి టవర్లకు తెలియాలి. 108 పైలట్, ఆ బండిలో అత్యవసర వైద్యం చేసే ఈఎంటీ, స్టేషన్ ఎస్సై, కరెంటు లైన్‌మన్, చెరువు కట్ట మీద కాపలా ఉండే ఇరిగేషన్ మనిషి, వీళ్ల నంబర్లన్నీ ఆ జాబితాలో ఉండాలి. ఆ 2021 డిసెంబర్ మొదట్లోనే రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు విరిగిపడ్డాయి. అలాంటప్పుడు కొండ మీదికి జేసీబీ పంపే ఇంజినీర్ నంబర్ కూడా ఉండాలి. లక్షల మంది ఒకే రోజు ఒకే చోట చేరే ఊళ్లు దేశంలో ఎన్నున్నాయి? ఇది మొదట మొదలు కావాల్సిన ఊళ్లలో తిరుపతి ఒకటని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ నవంబర్ పొద్దున పార్కింగ్‌లో కూర్చున్నప్పుడు నా ఫోన్లో కూడా స్టార్ 272 ఉంది. అమెరికా దాటితే దానికి విలువ లేదు, కొర్లగుంట టవర్‌కు ఆ నంబర్ సంగతే తెలియదు. తెలిసినా అమ్మ కోసం నేను దాన్ని వాడకూడదు. ఫోన్ పక్క సీట్లో పెట్టేశాను. తర్వాత తీసి అక్కకు ఒక్క మెసేజ్ పెట్టాను: "ఎట్లుండారో ఒక్క ముక్క రాయి. ఫోన్ చెయ్యను." మెసేజ్‌కు దారి ఒక్క క్షణం దొరికితే చాలు, దొరక్కపోతే ఆగి మళ్లీ పోతుంది. పిన్ని కొడుక్కి, గ్రూపులో అందరికీ అదే చెప్పాను. కొందరు కోప్పడ్డారు. అమ్మానాన్నలు నీళ్లలో ఉంటే ఫోన్ చెయ్యొద్దంటావా అని ఒకతను అడిగాడు. అతని బాధ నాకు తెలుసు, నాదీ అదే బాధ. నలభై నిమిషాలకు అక్క నుంచి వచ్చింది: "నీళ్లు గడప దాకా. అందరం మిద్దె మీద ఉండాం. నాయన బాగుండాడు."

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఊళ్లో ఏదన్నా జరిగితే మాలో ఎవరమూ తిరుపతికి ఫోన్ చెయ్యం. అక్క బెంగళూరులో ఉన్న మేనమామకు ఒక్క మెసేజ్ పెడుతుంది, ఆయన మా అందరికీ చెబుతాడు.

నేను బ్రహ్మోత్సవాలకు వెళ్లొచ్చిన మరుసటి ఏడు గరుడ సేవకు నాయన ఒక్కడే కొండెక్కాడు. ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ అర్ధరాత్రి అవుతోంది. ఫోన్ బల్ల మీద పెట్టుకుని టెస్ట్ కాల్స్ పట్టిక దిద్దుతున్నాను. ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతాడు, ఒక్కో మాటకు రెండు నిమిషాలు పడుతుంది. ఆ మెసేజ్ వచ్చింది.

"దర్శనం అయింది. దిగినా. అలిపిరి కాడ ఉండా. ఫోన్ చెయ్యొద్దు, జనం శానా ఉండారు."