ఫర్నేసులు ఆరిపోయిన ఊళ్లో నైట్ షిఫ్ట్

పెన్సిల్వేనియాలో బెత్లెహెమ్ అనే ఊరికొచ్చి ఆరేళ్లయింది నేను. గోడౌన్‌లో కన్వేయర్ల మెయింటెనెన్స్, ఎక్కువగా నైట్ షిఫ్టులే. మా గోడౌన్ ఉన్న నేలంతా ఒకప్పుడు బెత్లెహెమ్ స్టీల్ ప్లాంటుదని చెప్పింది నాతో పనిచేసే ఒక పెద్దాయన, డెబ్బై దగ్గరపడ్డా ఇంకా డ్యూటీకి వస్తున్నారు, 22 ఏళ్లు అందులోనే చేశారట. ఊళ్లోవాళ్లు దాన్ని ఉత్తినే 'ది స్టీల్' అంటారు, ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు.

1908లో హెచ్ ఆకారం బీముని ఒకే ముక్కగా రోల్ చేసే మిల్లు ఇక్కడ మొదలైంది, అంతకుముందు అమెరికాలో పెద్ద బీము కావాలంటే ప్లేట్లు పెట్టి రివెట్లు కొట్టాల్సిందే. ఆకాశహర్మ్యాలు అంత త్వరగా లేచాయంటే ఈ బీముల చలవే ఎక్కువ. గోల్డెన్ గేట్ బ్రిడ్జికి స్టీల్ ఇచ్చిందీ ఈ కంపెనీయే. రెండో ప్రపంచయుద్ధంలో ఈ ఒక్క ఊరి ప్లాంటులోనే 30 వేల మందికి పైగా పనిచేశారు. ప్లాంటులో చాలామంది నాలాగా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లే, హంగేరియన్లు, స్లోవాకులు, 1923లో టెక్సస్ నుంచి రైళ్లలో తీసుకొచ్చిన మెక్సికన్లు. ప్లాంటు పైన గుట్ట మీద శ్మశానం ఉంది, ఆ రాళ్ల మీద పేర్లు చదువుతూ ఒక ఆదివారం సాయంత్రమంతా అక్కడే ఉండిపోయాను.

దిగుమతుల వల్లే కంపెనీ మునిగిందంటారు చాలామంది. అదీ నిజమే, 1959లో దేశమంతా 116 రోజులు స్టీల్ సమ్మె జరిగితే కొనేవాళ్లు బయటి స్టీల్‌కి అలవాటు పడ్డారు. కానీ ఇదే దేశంలో చిన్న మిల్లులు పాత ఇనుము కరెంటు ఫర్నేసుల్లో కరిగించి, తక్కువమందితో, చవగ్గా బీములు చేయడం మొదలుపెట్టాయి కదా, దానికి తగ్గట్టు వీళ్లు త్వరగా మారలేదు, నాకు బాధ అక్కడే. 1972లో మాత్రం 21 అంతస్తుల హెడ్డాఫీసు కట్టారు, పెద్ద ఆఫీసర్లకి మూల గదులు ఎక్కువ రావాలని శిలువ ఆకారంలో! 2019లో దాన్ని పేల్చి కూల్చేశారు, క్షణాల్లో నేలమట్టం.

ఈ ఊళ్లో చివరిసారి ఇనుము కరిగింది 1995 నవంబర్ 18న. 2001లో కంపెనీ దివాలా తీసింది, పెన్షన్లు గవర్నమెంటు ఇన్సూరెన్స్ సంస్థ చేతికెళ్లాయి, రిటైరైనవాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ 2003లో ఆగిపోయింది. జీవితమంతా వేడిలో పనిచేసినవాళ్లకి సరిగ్గా మందులు అవసరమయ్యే వయసులో! ఇది అన్యాయం, ఇంకే మాటా నాకు దొరకట్లేదు.

ఇప్పుడు ఆ స్థలంలో క్యాసినో ఉంది, పాటల కచేరీలు జరుగుతాయి, రాత్రిళ్లు అయిదు ఫర్నేసులకీ రంగు లైట్లు వేస్తారు. పెద్దాయన అటు చూడరు.

మొన్న రాత్రి ఒక కన్వేయర్ దగ్గర ఆగి, స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ హౌసింగ్‌కి ఆనించి పిడి చెవికి పెట్టుకుని, "ఇది వారం కూడా ఉండదు" అన్నారు. సెన్సర్‌లో ఏమీ లేదు. నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి వినమన్నారు. మొదట మోటారు హోరే వినిపించింది, ఇంకాస్త నొక్కిపెట్టాక దాని కింద సన్నగా ఏదో గరగరమంటోంది. రోలింగ్ మిల్లులో నేర్చుకున్నారట ఇది. బ్రేక్ టైమ్‌లో కొత్త బేరింగ్ తెచ్చి ఇద్దరం మార్చేశాం.