డాక్టర్ ఎంత తాగుతారని అడిగితే నేను చెప్పిన అబద్ధం

ఎంత తాగుతారు అని డాక్టర్ అడిగినప్పుడు నేను "అప్పుడప్పుడు సార్, వారానికి ఒకటో రెండో పెగ్గులు" అన్నాను. ఆ మాట అనేటప్పటికి నా కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి, పొట్ట బిగుసుకుపోయి చొక్కా గుండీలు పట్టట్లేదు, అయినా సరే నోట్లోంచి అదే వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా అందరికీ అదే చెప్పీ చెప్పీ నాలిక్కి అలవాటైపోయిన మాట అది. మా ఆవిడ పక్కనే నిలబడి ఉంది, నేను తన వైపు చూశా, తను తల దించుకుంది. డాక్టర్ గారు ఫైల్లో అదే రాసుకున్నారు. ఆ ఒక్క లైను వల్ల నా ప్రాణం పోయేదే, అందుకే ముందు అది చెప్పి తర్వాత మిగతాది చెప్తున్నా.

నేను 11 ఏళ్ళు తాగాను. మొదట్లో సెలవు రోజుల్లోనే, తర్వాత రోజూ ఒక క్వార్టర్, చివరి మూడేళ్ళు రోజుకి హాఫ్. ఒక్కరోజు కూడా పనికి ఎగ్గొట్టలేదు, రోడ్డు మీద ఎప్పుడూ పడిపోలేదు, ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు కాబట్టి నేను తాగుబోతుని కాదని గట్టిగా నమ్మాను. ఒంట్లో మాత్రం ఒక్కోటీ మొదలయ్యాయి, పొద్దున బ్రష్ చేసుకుంటుంటే వికారం, ఆకలి లేకపోవడం, చిన్న దెబ్బ తగిలినా నల్లగా కమిలిపోవడం, అరచేతులు ఎర్రగా ఉండటం, రాత్రిపూట అరికాళ్ళు మంటలు. ప్రతిదానికీ నా దగ్గర ఒక కారణం ఉండేది, ఎండ అనో పని ఒత్తిడి అనో గ్యాస్ అనో. సాక్సు విప్పితే కాలి మీద దాని అచ్చు లోతుగా పడి గంటైనా పోయేది కాదు, అది కూడా సాక్సు బిగుతుగా ఉందనే అనుకున్నా. చివరికి మావాడు, వాడికప్పుడు తొమ్మిదేళ్ళు, "నాన్నా నీ కళ్ళేంటి అలా ఉన్నాయ్" అన్నాడు. అద్దం ముందుకెళ్ళి కింది రెప్ప లాగి చూసుకున్నా. తెలుపు అన్నదే లేదు.

రిపోర్టులు వచ్చాయి. బిలిరుబిన్, అంటే కళ్ళు పచ్చబడటానికి కారణమయ్యే పదార్థం, 9.4, మామూలుగా అది ఒకటి చుట్టూ ఉండాలి. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు రెండు, ఎస్‌జీవోటీ 186, ఎస్‌జీపీటీ 71. తర్వాత తెలిసిందేంటంటే ఈ రెండూ ఎంత పెరిగాయన్నదే కాదు, మొదటిది రెండోదానికి రెట్టింపు దాటితే తాగుడు వల్ల వచ్చిందేమోనని డాక్టర్లకి అనుమానం వస్తుందంట. తాగేవాళ్ళలో పెరిగే ఇంకో లివర్ ఎంజైము జీజీటీ 640. ఎర్ర రక్తకణాల సైజు కూడా పెరిగింది, ప్లేట్‌లెట్లు 98 వేలు, స్కానింగులో పొట్టలో నీరు. ఆ కాగితాలు చూసినవాళ్ళకి నా మాట మీద నమ్మకం ఎలా ఉంటుంది, డాక్టర్ గారు ఇంకోసారి కూడా అడిగారు, నేను మళ్ళీ అదే చెప్పాను. నా ఆఖరి మందు ఆదివారం రాత్రి పది గంటలకి. సోమవారం పొద్దున అడ్మిట్ అయ్యాను. అది ఎవరికీ చెప్పలేదు.

సోమవారం సాయంత్రానికే చేతులు వణకడం మొదలైంది. ఏదో ఫారం మీద సంతకం పెట్టమంటే పెన్ను కాగితం మీద ఆనించగానే గీత ఎటో వెళ్ళిపోయింది, నా సంతకం నాకే తెలియలేదు, చలేస్తోంది అని సర్ది చెప్పా. దుప్పటి ఇచ్చారు. ఒళ్ళంతా చెమట, గుండె దడ, చిన్న చప్పుడైనా ఉలిక్కిపడటం. మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి ఫిట్స్ వచ్చాయి. నాకేం గుర్తులేదు, కళ్ళు తెరిచేసరికి నాలిక కరుచుకుని నోరంతా రక్తం రుచి, మంచం చుట్టూ నలుగురు.

అప్పుడు డాక్టర్ గారు నన్ను అడగలేదు, మా ఆవిడని అడిగారు. "అమ్మా, నిజం చెప్పండి, ఈయన ఎంత తాగుతారు?" తను నా వైపు చూడకుండా చెప్పింది. "రోజూ హాఫ్ సార్. సెలవు రోజైతే ఇంకా ఎక్కువ. ఆదివారం రాత్రి కూడా తాగారు. ఏడాదిన్నర నుంచి ఖాళీ సీసాలు లెక్కపెడుతున్నా." నేను సీసాలు స్కూటర్ డిక్కీలో పెట్టుకుని దూరంగా తీసుకెళ్ళి పారేసేవాణ్ణి, తనకి తెలియదనుకునేవాణ్ణి. తను నేను పడుకున్నాక డిక్కీ తీసి చూసేదంట. అన్నాళ్ళూ ఆ లెక్క ఒక్కతే మోసింది, ఎవరికి చెప్పుకోవాలో తెలియక. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు గొంతు పూడుకుపోతుంది.

అక్కణ్ణించి వైద్యం మారింది. వణుకు, ఫిట్స్ తగ్గించి మెదడుని శాంతపరిచే లొరాజెపామ్ ఇంజెక్షన్లు, లివర్ పాడైనవాళ్ళకి ఆ రకం మందుల్లో ఇది కాస్త నయమని ఇస్తారంట, దాంతోపాటు బి1 విటమిన్ నరంలోకి ఎక్కించడం. ఏళ్ళ తరబడి తాగేవాళ్ళలో బి1 అడుగంటిపోతుంది, అలాంటివాళ్ళకి బి1 ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, మనిషి తికమకపడిపోవడం, నడక తూలడం, కళ్ళు అటూ ఇటూ కొట్టుకోవడం వస్తాయి. నేను మొదటే నిజం చెప్పి ఉంటే ఇవన్నీ సోమవారం పొద్దున్నే మొదలయ్యేవి, ఫిట్స్ రాకుండా ఆపగలిగేవాళ్ళు.

మంగళవారం రాత్రి నుంచి గురువారం దాకా నేను నేను కాదు. దుప్పటి మీద చీమలు బారులు కట్టి పాకుతున్నాయని విదిలిస్తూనే ఉన్నా, మావాడు కిటికీ అవతల నిలబడి పిలుస్తున్నాడని లేచి వెళ్ళబోయా, వాడు ఆ టైంలో మా అత్తగారి దగ్గర ఉన్నాడు. దీన్ని డెలీరియం అంటారు, ఆఖరిసారి తాగాక రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తుంది, వైద్యం అందకపోతే ప్రాణం తీస్తుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. నేను అంతకు ముందు రెండుసార్లు ఇంట్లో సొంతంగా మానేయడానికి ప్రయత్నించా. రెండుసార్లూ రెండో రోజుకి వణుకు, చెమటలు, నిద్ర లేదు, ఒక్క పెగ్గు పడగానే అరగంటలో అంతా సర్దుకునేది, అది చూసి నాకు మనోబలం లేదు, నేనింతే, నేను పనికిరాను అని తీర్మానించుకున్నా. డాక్టర్ గారు చెప్పాక అర్థమైంది. మందు రోజూ మెదడుని అణుస్తూ ఉంటే, మెదడు పడిపోకుండా నిలబడటానికి ఎదురు తోస్తూ అలవాటు పడుతుంది, తలుపుకి అటు ఒకరు ఇటు ఒకరు తోస్తున్నట్టు. మందు ఒక్కసారిగా తీసేస్తే అటువైపు మనిషి తప్పుకున్నట్టే, ఇటు తోస్తున్నవాడు విసురుగా వెళ్ళి పడతాడు, ఆ విసురే వణుకు, దడ, ఫిట్స్. అది బలహీనత కాదు, జబ్బు. రోజూ ఎక్కువ తాగేవాళ్ళు దయచేసి ఒక్క రోజులో ఇంట్లో మానేయకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళి, ఎంతో నిజంగా చెప్పి, వాళ్ళ కళ్ళ ముందు మానేయండి. దండం పెట్టి చెప్తున్నా.

12 రోజులకి ఇంటికి పంపించారు. పొట్టలో నీరు తగ్గడానికి మాత్రలు, ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక చిన్న చెంచాడు, రోజూ పొద్దున్నే ఒకే టైంకి బరువు చూసుకుని నోట్‌బుక్‌లో రాయాలి. రెండు నెలల్లో 7 కిలోలు తగ్గా, అదంతా నీరే, నీరు పోయాక చూస్తే చేతులూ తొడలూ పుల్లల్లా ఉన్నాయి, ఒంట్లో కండ మొత్తం కరిగిపోయింది. రాత్రి పడుకునే ముందు కచ్చితంగా ఏదో ఒకటి తినమన్నారు, ఎందుకంటే దెబ్బతిన్న లివర్ శక్తిని దాచుకోలేదు, రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే ఒళ్ళు కండని కరిగించుకుంటుంది. మావాడు రాత్రి తొమ్మిదిన్నరకి "నాన్నా తిన్నావా" అని అడగటం డ్యూటీలాగా పెట్టుకున్నాడు. నిద్ర మాత్రం మూడు నెలలు సరిగ్గా పట్టలేదు, రెండింటికి మెలకువ వచ్చి తెల్లారేదాకా పైకప్పు చూస్తూ పడుకోవడమే, మందు తాగితే నిద్ర పడుతుందని అన్నేళ్ళు అనుకున్నా కదా, అది నిద్ర కాదంట, మత్తు.

ఈ మధ్యలో మా చుట్టం ఒకాయన మా ఆవిడకి ఒక మాత్ర పేరు చెప్పి, తిండిలో ఆయనకి తెలియకుండా కలిపి పెట్టమ్మా, తాగితే వాంతులవుతాయి, భయంతో మానేస్తాడు అన్నాడు. ఆయన మంచికే చెప్పాడు. మా ఆవిడ ముందు డాక్టర్ని అడిగింది, ఆయన కుర్చీలోంచి లేచినంత పని చేశారు. అది డైసల్ఫిరామ్, అది వేసుకుని తాగితే ఆల్కహాల్ విరిగి తయారయ్యే విషపదార్థం ఒంట్లోనే పేరుకుంటుంది, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, గుండె మీద పడుతుంది, పైగా అది లివర్‌ని కూడా దెబ్బతీయగలదు. మనిషికి తెలియకుండా ఇవ్వడం అంటే చంపడంతో సమానం అన్నారు. నాకు సైకియాట్రిస్టు, లివర్ డాక్టర్ ఇద్దరూ మాట్లాడుకుని తాగాలన్న కోరిక తగ్గించే బాక్లోఫెన్ అనే మాత్ర మొదలుపెట్టారు, తక్కువ డోసుతో, మెల్లగా పెంచుతూ. కోరిక పూర్తిగా పోలేదు కానీ పక్క గదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు దూరం జరిగింది. సాయంత్రం ఏడు గంటలప్పుడు అది లేచేది, 20 నిమిషాలు ఎలాగోలా గడిపితే తగ్గేది, ఆ 20 నిమిషాలూ నేను నడిచేవాణ్ణి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి కూడా వెళ్ళా. అది 1935లో ఇద్దరు తాగుడు మానలేక అల్లాడిన మనుషులు మొదలుపెట్టింది, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే దాని మూలం. మొదటి రోజు వెనక కుర్చీలో కూర్చున్నా. ఒకాయన లేచి తను రోజుకి ఎంత తాగేవాడో మిల్లీలీటర్లతో సహా చెప్పాడు, గొంతు తగ్గించకుండా. ఆ రాత్రి ఇంటికొచ్చి నేనూ లెక్కేశా. 375 మిల్లీలీటర్లు, అందులో 40 శాతం అంటే 150 మిల్లీలీటర్లు ఉత్త ఆల్కహాల్, బరువు చూస్తే 118 గ్రాములు. 10 గ్రాముల్ని ఒక డ్రింక్‌గా లెక్కేస్తారు, అంటే రోజుకి దాదాపు 12. నోట్‌బుక్‌లో బరువు రాసే పేజీ కిందే ఆ 12 రాసి మా ఆవిడకి చూపించా. నా అంతట నేను నిజం అంకె తనకి చూపించడం అదే మొదలు. తను చాలాసేపు ఆ పేజీ పట్టుకుని కూర్చుంది.

నాలుగో నెలలో తప్పు చేశాను. బిలిరుబిన్ 1.9కి వచ్చింది, కణాల సైజు మామూలైంది (ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది కాబట్టి పాతవన్నీ పోయి కొత్తవి రావడానికి అంత టైం పడుతుంది), అందరూ మొహం తేటపడింది అంటున్నారు, ఆ ధీమాతో పెళ్ళిలో ఒక బీరు తాగా. ఒకటే. మత్తు కూడా ఎక్కలేదు, కానీ ఇంటికి వచ్చే దారిలో నా బుర్ర ఆల్రెడీ రేపటి సంగతి ఆలోచిస్తోంది, ఎక్కడ కొనాలి, ఎక్కడ దాచాలి అని. దానికి భయపడ్డా. గుమ్మంలోనే మా ఆవిడకి చెప్పేశా, "ఒక బీరు, 330, ఇంకేం లేదు" అని. తను తిట్టలేదు. సరే రేపు డాక్టర్‌కి ఫోన్ చేద్దాం అంది. చేశాం.

ఇప్పటికి 14 నెలలు, ఆ ఒక్క బీరు తప్ప ఏమీ లేదు. బిలిరుబిన్ 1.1, జీజీటీ 58, ప్లేట్‌లెట్లు లక్షా 24 వేలు. లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ ఏడో నెలలో 16.2 ఉంటే మొన్న 13.1 వచ్చింది, వాపు ఉన్నప్పుడు చేస్తే ఎక్కువ చూపిస్తుందని ముందు చేయలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి 7 లోపే ఉంటుంది. అంటే నా లివర్ గట్టిపడింది, సిర్రోసిస్, ఉన్న మచ్చ మొత్తం పోతుందని ఎవరూ మాటివ్వలేదు. అందుకే ఆరు నెలలకోసారి స్కానింగ్, క్యాన్సర్ లాంటిదేమైనా మొదలైతే ముందే దొరకాలని. అరికాళ్ళ మంటలు తగ్గాయి కానీ బొటనవేళ్ళు ఇంకా తిమ్మిరిగానే ఉంటాయి.

మొన్న చెకప్‌కి వెళ్తే కొత్త డాక్టరమ్మ ఫారం ఇచ్చింది. మద్యం, ఎంత, ఎన్నాళ్ళు అని ఉంది. రోజుకి 375, చివరి మూడేళ్ళు, అంతకు ముందు 180, మానేశాక ఒకసారి 330 అని రాసి కింద సంతకం పెట్టా. మా ఆవిడ పక్కనుంచి వంగి చదివి, తేదీ మర్చిపోయావని వేలితో చూపించింది. వచ్చే నెల మళ్ళీ స్కానింగ్ ఉంది, ఈసారి మావాడు కూడా వస్తానంటున్నాడు.