ఉండి ఉండి, ఉన్నట్టుండి

మా అత్తగారు మా దగ్గర ఉండటానికి వచ్చిన ఏడాది, ఒకరోజు ఆమెకు కడుపులో నొప్పి మొదలైంది. నాకు ఆఫీసులో సెలవు దొరకలేదు. మావారు కారు నిలిపే చోటు వెతుక్కుంటూ బయటే ఉండిపోవడంతో, డాక్టరు గదిలోకి ఆమె వెంట వెళ్లింది అప్పటికి పదమూడేళ్ల మా అమ్మాయి. నొప్పి ఎడతెగకుండా ఉంటోందా, వచ్చి పోతోందా అని డాక్టరు అడిగితే, ఆ ప్రశ్నను చక్కగానే తెలుగులోకి మార్చి నాయనమ్మకు చెప్పింది. "ఉండి ఉండి పొడుస్తోంది తల్లీ" అన్నారు మా అత్తగారు. ఉండటమంటే ఉండటమే కదా, రెండుసార్లు ఉంటే ఇంకా గట్టిగా ఉన్నట్టే కదా అని లెక్క వేసుకున్న మా అమ్మాయి, నొప్పి అసలు పోవడమే లేదని డాక్టరుకు చెప్పింది. కాసేపటికి లోపలికి వెళ్లిన మావారు ఆ మాటను సరిదిద్దారు కాబట్టి సరిపోయింది. పేగులు, మూత్రనాళాల వంటివి అడ్డుపడి బిగుసుకున్నప్పుడు నొప్పి అలలుగా వచ్చి పోతుందని, వాపు వల్ల కలిగే నొప్పి సాధారణంగా వదలకుండా పట్టుకునే ఉంటుందని, అందుకే డాక్టర్లు ఆ ప్రశ్నను ముందుగా అడుగుతారని నాకు తర్వాత తెలిసింది.

ఆ రాత్రి నేను చాలాసేపు ఆలోచించాను. పిల్లలకు తెలుగు నేర్పుతున్నామని అనుకుంటూ, నేను నేర్పినవన్నీ రంగులు, వరసలు, అవయవాలు, తినడం, పడుకోవడం వంటి మాటలే. ఒక పని ఎప్పుడు జరుగుతుందో ఎవరికీ తెలియనప్పుడు, ఎందుకు జరిగిందో చెప్పలేనప్పుడు వాడే మాటలు మా ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లలకు నేను ఒక్కటీ ఇవ్వలేదు. ఆ ఖాళీలో వాళ్లు తమంతట తాము ఒకే ఒక్క మాట పెట్టుకున్నారు: రాండమ్‌గా. వాన రాండమ్‌గా పడుతుంది, బొమ్మలు గదంతా రాండమ్‌గా పడి ఉంటాయి, బస్సులో స్నేహితురాలు రాండమ్‌గా కనిపిస్తుంది, కప్పు కూడా రాండమ్‌గానే పగులుతుంది.

ఇంగ్లీషు మాటకు "గా" తగిలించడం మీద నాకు కోపమేమీ లేదు. నేనూ రోజుకు పదిసార్లు సడన్‌గా అంటాను. ఏ భాష మాటనైనా పట్టుకుని తన సొంతం చేసుకోగల ప్రత్యయం అది, పిల్లలు దానిని తడుముకోకుండా వాడుతున్నారంటే తెలుగు వాళ్ల నోట్లో బతికే ఉందన్నమాట. నా బాధల్లా, తెలుగులో విడివిడిగా పదిమంది చేసే పనిని ఒక్కరి నెత్తిన వేయడం గురించే. వాన పడితే అడపాదడపా అనాలి, అది కాలానికి సంబంధించిన మాట. బొమ్మలు పడి ఉంటే చెల్లాచెదురుగా అనాలి, అది చోటుకు సంబంధించినది. స్నేహితురాలు అనుకోకుండా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రశ్న మన మనసులో ఏముందన్నది. వరస లేకుండా చేసిన పని అడ్డదిడ్డంగా ఉంటుంది, బలం లేకపోయినా పరిస్థితి కలిసొచ్చి గెలిచినవాడు గాలివాటంగా గెలుస్తాడు. వేళాపాళా లేకుండా ఫోన్ చేసేవాళ్లకు వేరే మాట అక్కర్లేదు, "వేళాపాళా లేకుండా" అనడంలోనే విసుగు కూడా వచ్చేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా చిక్కు పెట్టినది "ఎప్పుడు" కుటుంబం. ఎప్పుడూ, ఎప్పుడో, ఎప్పుడైనా, ఎప్పటికప్పుడు, ఎప్పుడు పడితే అప్పుడు: చివర ఒక్క అచ్చు మారితే అర్థం తలకిందులవుతుంది. మా అబ్బాయి ఒకసారి ఫోన్‌లో నాయనమ్మతో, "నాన్న నాతో ఎప్పుడో ఆడుకుంటాడు" అన్నాడు. వాడు చెప్పదలచుకున్నది "ఎప్పుడూ". అవతలి వైపు కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత మావారికి ఇరవై నిమిషాలు చీవాట్లు. వాడు పొరపాటున నిజం చెప్పాడేమో అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

అమ్మాయి పద్ధతి వేరు. దానికి మాట పుట్టుక చెబితే గాని మనసుకు పట్టదు. అకస్మాత్తుగా అన్న మాటను విడదీసి, సంస్కృతంలో కస్మాత్ అంటే "ఎందువల్ల" అని, ముందు "అ" చేరితే "ఎందువల్లా కాకుండా" అని చెప్పినప్పుడు, ఒక మాట లోపల ప్రశ్న దాక్కుని ఉండటం దానికి ఎంతో నచ్చింది. హఠాత్తుగా అన్నదానిలోని హఠం అంటే బలవంతం అని చెప్పాక, అది వెళ్లి ఇంగ్లీషు నిఘంటువు తెరిచి, రాండమ్ అన్న మాట కూడా పాత ఫ్రెంచిలో దూకుడుకు, విసురుకు వాడిన మాట నుంచే వచ్చిందని కనిపెట్టి తెచ్చింది. అడపాదడపా అనడానికి ఇంగ్లీషులో వాడే స్పొరాడిక్ అన్న మాట గ్రీకులో చెదరడాన్ని చెప్పే మాట నుంచి వచ్చిందట, అంటే అది మన చెదురుమదురుకు చుట్టమే. నేను దూషిస్తూ వచ్చిన మాటకు అది ఇలా వకాల్తా పుచ్చుకోవడం చూసి, నా ఫిర్యాదును కొంత తగ్గించుకున్నాను.

అబ్బాయికి నచ్చినది మాత్రం కాకతాళీయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలడం, అదే క్షణాన పండు రాలడం, కాకి వల్లనే రాలిందని చూసినవాడు అనుకోవడం. దీనిని వాడు కుర్చీ ఎక్కి, చేతిలో బంతి పట్టుకుని, నాలుగు రోజులు ఆడి చూపించాడు. పాణిని సూత్రాలకు వచ్చిన కాశికా వ్యాఖ్యలో దీని పక్కనే అజాకృపాణీయం అన్న మరో మాట ఉంది, మేక అటుగా రావడం, అదే వేళకు దాని మెడ మీద కత్తి పడటం. ఆ రెండో కథను చెప్పాలా వద్దా అని కొంత తటపటాయించాను గాని, కాకి కథకంటే అదే వాడికి ఎక్కువ నచ్చింది. యాదృచ్ఛికంగా అన్న మాటను మాత్రం ఇద్దరూ పలకలేక వదిలేశారు, నేనూ బలవంతపెట్టలేదు.

ఒక చోట మాత్రం నేను పట్టు విడవలేదు. కప్పు పగిలిన రోజున "అనుకోకుండా పగిలింది" అని వాడు కొత్తగా నేర్చుకున్న మాటను గర్వంగా వాడాడు. తెలుగు ఇక్కడ మనిషికి మంచి దారే వదిలింది: పగిలింది అంటే చాలు, చేసినవాడి పేరు వాక్యంలోకి రాదు. అందుకే "పొరపాటున పగలగొట్టాను" అని చెప్పమన్నాను. తప్పు కావాలని చేయలేదని పొరపాటున అన్న మాటే చెబుతుంది, చేసింది నువ్వేనని క్రియ చెబుతుంది. వాడు కాసేపు ఆలోచించి, "పొరపాటున పగిలింది" అని మధ్యేమార్గం తీశాడు. పొరపాటు ఎవరిది, కప్పుదా అని వాళ్ల అక్క అడిగింది.

పోయిన నెల ఫోన్‌లో అమ్మాయి, "నాయనమ్మా, నువ్వు ఉన్నట్టుండి గుర్తొచ్చావు" అంది. ఏడాది కిందట అయితే అక్కడ రాండమ్‌గా అనేది, అర్థమేమిటని అడిగితే "ఏ కారణమూ లేకుండా" అని చెప్పేది, ఆమె మనసు చివుక్కుమనేది. ఉన్నట్టుండి అన్న మాటలో కారణం లేదన్న ఎత్తిపొడుపు లేదు. మా అత్తగారు వెంటనే, "నువ్వు నాకు ఉండి ఉండి గుర్తొస్తూనే ఉంటావు తల్లీ" అన్నారు. అమ్మాయి ఫోన్ చేత్తో మూసి నా వైపు తిరిగి, "అంటే ఆగి ఆగి, కదా?" అని గుసగుసగా అడిగింది.