మాస్టారికి చెప్పలేకపోయిన మాట

పన్నెండు దాటింది. అందరూ పడుకున్నారు. నాకు మాత్రం పొద్దున సీతమ్మధార రైతుబజారులో పైఇంటి మాస్టారు అన్న మాటే తిరుగుతోంది.

బెండకాయలు ఏరుతూ అన్నారు: "ఉప ఎన్నికలంత దండగ ఇంకోటి లేదమ్మా. మన విశాఖ స్థానిక సంస్థల ఎమ్మెల్సీ సీటు చూడు, ఎంత హాయిగా తేలిపోయిందో!" 2024 ఆగస్టు సంగతి. 30న పోలింగ్ అన్నారు. కూటమి పోటీకి దిగలేదు, ఉన్న ఇండిపెండెంటూ తప్పుకున్నారు, 16నే బొత్స సత్యనారాయణ ఏకగ్రీవం. నేను "అవునండీ" అనేసి వచ్చాను. ఎందుకన్నానో! అందులో ఓటు కార్పొరేటర్లది, ఎంపీటీసీ, జడ్పీటీసీలది. మనకెలాగూ లేదు. దాన్నీ, జనం ఓటేసే ఉప ఎన్నికనీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

అమ్మమ్మ ఉంటే అక్కడే కడిగేసేది. 2012 జూన్ 12, పాయకరావుపేట ఉప ఎన్నిక. సెలవులకి నక్కపల్లిలోనే ఉన్నాను. అమ్మమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, పెట్టెలోంచి నేతచీర తీసి కట్టుకుంది. ఓటరు చీటీ కొంగున ముడేసింది. పార్టీవాళ్ల ఆటో వచ్చిందన్న మావయ్యని కసిరి, ఆ ఎండలో నా చెయ్యి పట్టుకుని స్కూలు దాకా నడిచింది. వరసలో నిలబడి, "ఏటే, ఒక్క సీటుకే ఇంతమంది పోలీసులా!" అని మురిసిపోయింది. తిరిగొచ్చేటప్పుడు సిరా చెరిగిపోతుందేమోనని ఆ వేలు దేనికీ తగలనివ్వలేదు. చివరికి, అనర్హత వేటు పడి సీటు పోగొట్టుకున్న గొల్ల బాబూరావే మళ్లీ గెలిచారు. "మరి ఈ ఎన్నిక ఎందుకే?" అన్నాను. "నన్నడిగారు కదే" అంది.

మమ్మల్ని అడగలేదు. అదీ నా మంట. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణ వద్దంటూ మా విశాఖ నార్త్ ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో రాజీనామా చేస్తే, స్పీకర్ ఆమోదించింది 2024 జనవరిలో. మామగారి ఉద్యోగమంతా ఆ ప్లాంటులోనే కదా, అత్తయ్య ఎన్నిసార్లు అడిగిందో "మనకి ఓట్లెప్పుడే?" అని. సీటు ఖాళీ అయిన ఆరు నెలల్లో ఎన్నిక పెట్టాలంటుంది చట్టం. కానీ ఆమోదించనిదే ఖాళీ అయినట్టు కాదు. తీరా ఆమోదించేసరికి అసెంబ్లీకి ఏడాది గడువు కూడా మిగల్లేదు, కాబట్టి ఎన్నికే అక్కర్లేదు. ఆ ఏడాది నిబంధన తీసిపారెయ్యాలి.

ఇది రాసి కాసేపు ఆగాను. అరకు గుర్తొచ్చింది. 2018 సెప్టెంబరులో లివిటిపుట్టు దగ్గర ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావుని మావోయిస్టులు కాల్చి చంపారు. అక్కడా ఆ నిబంధన వల్లే ఉప ఎన్నిక రాలేదు, 2019 ఏప్రిల్‌లో అందరితోపాటే ఓట్లేశారు. ఆ భయంలో టీచర్లని కొండలెక్కించి, కొన్ని నెలలకే మళ్లీ ఎక్కించడమా? ఎలక్షన్ డ్యూటీ అంటేనే మా వదిన టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపోదు. వద్దు, ఆ నిబంధన ఉండాల్సిందే. మాస్టారి మాటలో కొంత నిజం ఉంది.

కానీ రాజీనామా కాయితం దాదాపు మూడేళ్లు అలా పడి ఉండటం వేరు. మనస్ఫూర్తిగా ఇచ్చావా అని ఒక మనిషిని పిలిచి అడగడానికి స్పీకర్‌కి ఎన్నాళ్లు పడుతుంది? గడువు పెట్టాల్సింది అక్కడ. రేపు మాస్టారు పాలపాకెట్‌కి కిందికి దిగినప్పుడు ఇదే చెప్తాను. ముందు అమ్మమ్మ నడక సంగతి చెప్పి, తరవాత ఇది.

అత్తయ్య లేచినట్టుంది. లైటు తీసేస్తున్నా.